తాబేలవ్వ చెప్పని మాట

వరుస తప్పితే ఏమీ అనుకోకండి, ఈ మధ్య నాకు ముందుది వెనక, వెనకది ముందు వచ్చేస్తోంది; అందుకే రాసిందంతా మా మనవరాలు మునీరాకు చూపిస్తుంటాను. హదీసులు, అంటే ప్రవక్త గురించిన మాటలు, చెప్పినవాళ్ళు నిజాయితీపరులా, జ్ఞాపకం గలవాళ్ళా, ఎవరి దగ్గర ఎప్పుడు విన్నారు అని పూర్వపు పండితులు ఊరూరా తిరిగి విచారించారట. అది చదివాక అల్లుకున్న కథ ఇది.

ఆ వేసవిలో అడవిలోని వాగు ఎండిపోయింది. చుక్కమ్మ అనే జింకకు ఓ పిల్ల; దాహంతో దాని నాలుక పిడచకట్టుకుపోయింది. అప్పుడొచ్చింది నక్క.

"వదినా, రాతికుంటకు పద. పులి అటు రావడం మానేసింది. తాబేలవ్వ బూబమ్మే చెప్పింది."

బూబమ్మ పేరు చెబితే ఆ అడవిలో ఎదురుమాట ఉండదు. ఎన్ని కరువులు చూసిందో ఆ ముసలిది! చుక్కమ్మ లేవబోయింది. ముళ్ళపంది దస్తగిరి అడ్డం వచ్చాడు.

"నీకెవరు చెప్పారు బావా?"

"ఎవరో ఎందుకు? అవ్వ చెబుతుంటే ఈ చెవులతో విన్నాను."

"ఎప్పుడు?"

"మొన్న మోదుగలు పూసినప్పుడు. గుట్ట కింద, అవ్వ బొరియ ముందే."

"పిల్ల చచ్చిపోతుంటే నీ పంచాయితీ ఏంటన్నా?" అని చుక్కమ్మ కసిరింది.

"చావకూడదనే అమ్మా. పొద్దు నడినెత్తికి రాకముందే వస్తా."

దస్తగిరి గుట్ట కిందికి పరుగెత్తాడు. బొరియ ముందు బూబమ్మ మనవరాలు కూర్చుని ఉంది. సంగతి విని నవ్వింది.

"మోదుగలు పూసినప్పుడా? పోయిన వానాకాలం అవ్వ కుందేళ్ళకు తప్పుదారి చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజే నన్ను పిలిచి, 'నాకు మతిమరుపు మొదలైందే, ఇక నా మాట ఎవరికీ చేరనివ్వకు' అంది. అప్పటినుంచీ ఎవరొచ్చినా నిద్రపోతోందని పంపేస్తున్నాను. నక్క అసలు రానే లేదు."

"మరి అంతకుముందు చెప్పినవీ వదిలేయాలా?"

"ఎందుకు? అప్పుడు అవ్వ గట్టిగానే ఉంది కదా."

రెండేళ్ళ కిందట అవ్వ తనకు చెప్పినదొకటి దస్తగిరికి గుర్తుంది. అది పైకి అనకుండా దారిలో ఎలుగుబంటిని అడిగాడు.

"కరువొస్తే ఎక్కడ తవ్వమంది మామా అవ్వ?"

"వాగు మలుపులో, తునికి చెట్టు కింద. నాకు చెప్పి మూడేళ్ళయింది."

తాను విన్నదీ అదే. ఎలుగు ఇసుక తవ్వింది. చెలమ ఊరింది. చుక్కమ్మ వెంట వచ్చి పిల్ల కడుపారా తాగింది.

రాతికుంట దగ్గర పొద కింద కాచుకుని ఉన్న పులి నక్కను అడిగింది.

"జింకలేవిరా?"

"వస్తాయి దొరా, వస్తాయి..."

"రాకపోతే పోనీలే. నువ్వున్నావుగా!"

నక్క అడవి దాటేదాకా వెనక్కి చూడలేదు.

సాయంత్రం మనవరాలు దారి ఇస్తే, చుక్కమ్మ పిల్లను వెంటబెట్టుకుని బూబమ్మ ముందు తల వంచింది.

"నీ వల్లే బతికింది అవ్వా."

"నేనేం చెప్పానే?"

"అప్పుడు చెప్పావు. ఇప్పుడు చెప్పకుండా ఊరుకున్నావు. రెండిటికీ దండం."

ఆ జింక ఎవరో అవ్వకు గుర్తు రాలేదు. పిల్ల తడి మూతి తన డిప్పకు తగిలితే మాత్రం నవ్వింది.

నీతి: మరిచిపోయానని ఒప్పుకునేవారి వల్లే, గుర్తున్న మాటకు విలువ నిలుస్తుంది.

మునీరా, ముళ్ళపందికి అంతటా దస్తగిరి అనే రాశానా? పేర్లన్నీ ఒకసారి సరిచూడు తల్లీ.