కడియాల కొండ మీద పరాయి ముద్ద

కడియాలమ్మ గుడికి దారి కొండ కింద టెంకాయల అంగడి పక్క నుంచి మొదలవుతుంది. మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది. గర్భగుడిలో విగ్రహం ఉండదు. ఒక నిలువెత్తు రాయి, దాని ముందు తుప్పుపట్టిన ఇనుప కడియం, అంతే. మొదటిసారి వచ్చినవారు "ఇంతేనా?" అనుకోవడం మామూలే. అలా అనుకున్నవారే దిగేటప్పుడు కళ్లు తుడుచుకోవడం మేము చాలాసార్లు చూశాము.

ఈమధ్య కొందరు కుర్రవాళ్లు మెటల్ డిటెక్టర్లు, గునపాలు పట్టుకొని వస్తున్నారు. పాత యుద్ధం నాటి కత్తులో ఫిరంగి గుండ్లో దొరక్కపోతాయా అని వారి ఆశ. బాబూ, ఆ సామాను కింద అంగడిలో పెట్టి రండి. ఈ కొండను తవ్వడం ఎందుకు ఆగిపోయిందో వింటే మీకే చేతులు రావు.

పాళెగాళ్ల కాలంలో ఎగువకోటవారికీ దిగువకోటవారికీ ఈ కొండ మీద పెద్ద పోరు జరిగింది. ఎందుకు కొట్టుకున్నారంటే, చెరువు నీటి కోసమని కొందరు, ఒక గుర్రం కోసమని కొందరు చెబుతారు. గుర్రం మాత్రం హాయిగా ముసలిదై చచ్చిందట. పోరు ముగిసేలోపే కుండపోత వాన కురిసి, కొండచరియ విరిగి, పడినవారంతా మట్టి కిందికి పోయారు. ఎవరు ఏ కోటవారో తేల్చడానికి కూడా వీలు లేకపోయింది.

కొన్నేళ్లకు ఎగువకోట కమ్మరి రుద్రాచారి ఈ కొండను తవ్వడం మొదలుపెట్టాడు. వాన వెలిసిన మరునాడు వచ్చి, నీళ్లు కోసిన చోటల్లా గునపం దింపి చూసేవాడు. కింద ఉన్నది రాయో ఇనుమో ఆయన చేతికి ఇట్టే తెలిసిపోయేది. విరిగిన కత్తులు, బల్లెపు మొనలు తీసుకుపోయి కొడవళ్లు, గుద్దళ్లు చేసేవాడు. ఎముక బయటపడితే మాత్రం దణ్ణం పెట్టి, మళ్లీ మట్టి కప్పేవాడు. మంచివాడే పాపం.

ఒకనాడు దిగువకోట నుంచి ఎర్రక్క అనే ముసలామె కొండెక్కి వచ్చింది. ఆమె కొడుకు పెంచలయ్య ఈ పోరుకు వచ్చి తిరిగి రాలేదు.

"ఆచారీ, నీకు ఇనప కడియమేమన్నా దొరికిందా నాయనా? పుట్టినోళ్లు పుట్టినట్టే పోతాంటే, వీడన్నా నిలవాలని పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఏయించినా."

"దొరకలేదవ్వా. దొరికితే నీకే ఇస్తా."

"కడియం కనపడితే, పోయినాడులే అని ఏడుస్తా. లేదంటే యాడనో ఉండాడనుకుంటా. ఈ రెండిటి నడుమ ఉండలేకపోతాండా."

ఆమె తిరిగి ఊరికి పోలేదు. బండ చాటున చిన్న గుడిసె వేసుకుంది. తవ్వినంతసేపు ఆచారికి తోడుగా కూర్చునేది, సంగటి వండేది. తొలిముద్ద మాత్రం కొడుకు పేరు చెప్పి ఆకులో ఎత్తిపెట్టేది. మిగతాదే ఇద్దరూ తినేవారు. ఇలా ఏళ్లు గడిచాయి. ఎర్రక్క నడుము వంగింది, చూపు మందగించింది, ఆకులో ముద్ద పెట్టడం మాత్రం మానలేదు.

రుద్రాచారికి ఆమెను చూస్తే జాలి వేసేది. కమ్మరివాడు కదా, ఆయనకు తోచిన ఓదార్పు కూడా కొలిమిలో నుంచే వచ్చింది. కొండలో దొరికిన ఇనుప ముక్కలు కాచి, కడియం చేశాడు. ఉప్పునీళ్లు పట్టించి, తడిమట్టిలో పూడ్చి, బాగా తుప్పు పట్టనిచ్చాడు. తర్వాత ఒక వాన వెలిసిన పొద్దున ఆమె ఎదుటే అక్కడ తవ్వి, "అవ్వా, దొరికింది!" అని కేకపెట్టాడు.

ఎర్రక్క కడియం అందుకుంది. మెల్లగా లోపలివైపు వేలితో తడిమింది. పెంచలయ్య ఎదిగాక కడియం బిగుతైతే, దిగువకోట కమ్మరి దాన్ని కోసి రాగి అతుకు వేశాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడి ఎవరైనా అలాంటిదే చేసి ఇస్తారని ఆమె భయం.

"ఇది నువ్వు చేసిందే గదా నాయనా?"

రుద్రాచారి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయిందవ్వా. నీ అవస్థ చూడలేక చేసినా."

"యాటి ఇనుము?"

"ఈ కొండదే. శానామంది కత్తుల ముక్కలు కలిపి కాచినా."

"మా కోటోళ్లవా, ఎగువకోటోళ్లవా?"

"కొలిమిలో పడినాక ఎవరివో ఎట్ట తెలుస్తాదవ్వా?"

ఎర్రక్క ఆ కడియాన్ని గుండెకు అదుముకొని, అన్నేళ్లలో మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది. అందులో తన కొడుకు కత్తి ముక్క కూడా కలిసే ఉంటుంది, పెంచలయ్య ఇక రాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఏడ్చి ఏడ్చి, "వీళ్లందరికీ అమ్మలుంటారు గదా ఆచారీ. వాళ్లూ నా మాదిరే ముద్ద ఎత్తిపెట్టుకొని దావ జూస్తాంటారు" అంది. ఆ పూట కొడుకు కోసం ఆకులో పెట్టిన ముద్ద చేతిలోకి తీసుకొని ఆచారి నోటి దగ్గరికి తెచ్చింది.

ఆయన తల దించుకున్నాడు. "మాది ఎగువకోట అవ్వా. ఆ పొద్దు కత్తులు కాచింది మా నాయనే."

"తెలుసులే. నోరు తెరువు."

ఆనాటి నుంచి రుద్రాచారి ఈ కొండ మీద గునపం దింపలేదు. ఎర్రక్క కన్నుమూశాక ఆయన కలలోకి వచ్చి, "నన్ను రాతిలో చెక్కొద్దు నాయనా. ఆ కడియం మన గుడిసె కాడి బండ ముందర పెట్టు. వచ్చినోళ్లకు ముద్ద పెట్టు" అని చెప్పిందట. విగ్రహం లేకపోవడానికి కారణం అదే. ఆ కడియమే అమ్మ.

ఇప్పటికీ వానలకు ఒక్కోసారి ఇనుప ముక్కలు పైకి తేలుతుంటాయి. దొరికినవారు వాటిని ఇంటికి తీసుకుపోరు, తెచ్చి అమ్మ ముందు పెడతారు. గుడి మండపంలో రోజూ సంగటి వండుతారు. ఇక్కడికి వచ్చిన తల్లులు తొలిముద్ద తమ బిడ్డకు పెట్టకూడదు, పరాయి బిడ్డకు పెట్టాలి. సైన్యంలో కొడుకులున్న తల్లులు దూరాభారం లెక్కచేయకుండా వస్తారు. ఎక్కడో మంచుకొండల్లో ఉన్న తమ బిడ్డకు కూడా ఆ పూట ఎవరో ఒక తల్లి అన్నం పెడుతుందని వారి నమ్మకం. అమ్మ ఆ నమ్మకం నిలుపుతుంది.

దర్శనం అయ్యాక తొందరపడి దిగిపోకండి, మండపంలో కాసేపు కూర్చోండి. ఎవరో ముఖపరిచయం లేని తల్లి మీ ఎదుట కూర్చొని ముద్ద అందిస్తుంది. ఏ ఊరని ఆమె అడగదు, మీరూ అడగకండి. నోరు తెరవండి.