మొరగని పిడుగు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న కాలంలో, రేగడిదుర్గం అని ఒక కోట ఉండేది. ఆ కోటకు ఒకటే వాకిలి. ఆ వాకిలికి ఒక కుక్క కాపలా. ఆ కుక్క పేరు పిడుగు.

మొరిగే కుక్క కరవదంటారు. ఆ మాట పుట్టించినవాడు పిడుగును చూసి ఉండడు. అది మొరిగేది, అవసరమైతే కరిచేది కూడా. అది గొంతెత్తితే కోట లోపల సంతలో బేరాలు ఆగిపోయేవి. మారాం చేసే పిల్లలు టక్కున అన్నం మింగేసేవారు.

వాకిలి కావలివాడు ఓబులేసు దాన్ని కళ్లు తెరవని కూనగా తెచ్చి, గంజి పట్టి పెంచాడు. అతనికి వేరే నా అన్నవాళ్లు లేరు. తన పళ్లెంలో రాగిముద్ద ఉంటే అందులో సగం పిడుగుదే.

రేగడిదుర్గంలో ఒక ఆచారం ఉంది. కొత్త మనిషి ఎవరు వచ్చినా వాకిలి కుక్క మొరగాలి. అది మొరిగితే పైన బురుజు మీద నగారా మోగుతుంది. నగారా మోగితే కోటంతా మేలుకుంటుంది. కుక్క మూడుసార్లు మొరగకుండా ఊరుకుందా, దానికి కర్ర పరీక్ష పెడతారు. సైన్యానికి పెద్ద అయిన దళవాయి కర్ర ఎత్తుకొని మీదికి వస్తాడు. కుక్క ఎగిరి ఆ కర్రను లాక్కోవాలి. లాక్కోలేకపోతే దాన్ని ఏటి అవతల అడవిలో వదిలేస్తారు. ఆ అడవి నిండా చిరుతలు. అక్కడికి పోయిన కుక్క తిరిగివచ్చిందని ఎవరూ చెప్పుకోలేదు.

పిడుగుకు ఆ భయమే లేదు. ఏళ్ల తరబడి అది మొరగని రోజు లేదు.

అలాంటిది, ఒకనాటి ఉదయం ఒక చూపులేని అవ్వ చేతికర్ర తడుముకుంటూ వాకిలికి వచ్చింది. కోటలో ఉన్న కూతురిని చూడాలని పాపం ఎంత దూరం నుంచి నడిచిందో. పిడుగు లేచింది, నోరు తెరిచింది, తెరిచిన నోరు మూసేసింది. చెవులు వాల్చి అవ్వ పక్కన చేరి, ఆమె చీర కుచ్చిళ్లకు ఒళ్లు ఆనించి, ఎగుడుదిగుడు రాళ్లు దాటేదాకా మెల్లగా నడిచింది. నగారా మోగలేదు.

దళవాయి బసవప్పకు ఈ సంగతి తెలిసింది. బసవప్ప అంటే మాటలా! మీసం మీద నిమ్మకాయ నిలిపే మనిషి. మెత్తదనం అంటే ఆయనకు పడదు. ఒకటి అయిందని మాత్రం ఓబులేసుకు కబురు పంపాడు.

మరికొన్నాళ్లకు ఒక బాలింత పసిగుడ్డును ఒడిలో పెట్టుకొని ఎద్దుల బండిలో అత్తవారింటికి వచ్చింది. పిడుగు బండి దగ్గరికి పోయి గాలి పీల్చి వాసన పట్టింది. పక్కన కట్టేసి ఉన్న జోరు అనే పడుచు కుక్క మొరగబోతే, వెనక్కి తిరిగి గుర్రుమని దాని నోరు మూయించింది. బిడ్డ నిద్ర చెడలేదు. బండి లోపలికి పోయింది. నగారా మోగలేదు.

రెండు అయ్యాయని మళ్లీ కబురు వచ్చింది. ఓబులేసుకు ఆ పూట ముద్ద దిగలేదు.

ఇక మూడోది. ఒక ఎండపొద్దు ఆరడుగుల మనిషి వచ్చాడు. నడుముకు కత్తి, బుగ్గన గాటు, చూస్తేనే జంకు పుట్టించే వాలకం. ఇప్పుడు మొరుగుతుంది చూడండి అని బురుజు మీదివాడు నగారా కర్రలు చేతిలోకి తీసుకున్నాడు. పిడుగు ఎదురెళ్లింది. ఆ మనిషి నిలువునా బిగుసుకుపోయాడు. పిడుగు అతని చుట్టూ ఒకసారి తిరిగి, అతని పాదం మీద కూర్చుంది. కూర్చొని తల ఎత్తి ఊరికే చూసింది. కాసేపటికి ఆ మనిషి చెయ్యి దాని తల మీదికి వచ్చింది.

ఓబులేసు నీళ్లిచ్చి అడిగితే అతను చెప్పాడు. సరిహద్దు యుద్ధంలో తనతో ఉన్నవాళ్లంతా పోయారట. అప్పటినుంచి పెద్ద చప్పుడు వింటే ఒళ్లు తన వశంలో ఉండదట. ఎన్ని ఊళ్లకు పోయినా కుక్క అరుపుకో డప్పు మోతకో వాకిలి నుంచే వెనుదిరిగాడట. ఈ కోట వాకిలి ఒక్కటే దాటగలిగాడట.

ఓబులేసు పరుగున పోయి ఈ మాట దళవాయికి విన్నవించుకున్నాడు. బసవప్ప మొహం ఎర్రబడింది.

"గుడ్డి ముసలమ్మ అన్నావు, సరే. పసిబిడ్డ అన్నావు, సరే. కత్తి పట్టిన మగవాడికి జాలి ఏమిటి? కత్తి పట్టినవాడు భయపడకూడదు, భయపడినా బయటపడకూడదు. రేపు పొద్దున కర్ర పరీక్ష."

తెల్లవారింది. వాకిలి ముందు జనం గుమిగూడారు. పిడుగును ఆవరణ మధ్య కట్టేశారు. పక్కనున్న జోరు దాని చెవిలో గొణిగింది. కుక్కల మాటలు మనకు అరుపుల్లా ఉంటాయి గానీ, వాటికి అవి మాటలే.

"ఒక్కసారి ఎగిరి ఆ కర్ర లాగేయి మామా. నీ పళ్లకు ఆ కర్ర ఒక లెక్కా. ప్రాణం దక్కుతుంది."

"ఎగురుతానులేరా" అంది పిడుగు. "మనిషి ఎదురుగా వచ్చాక ఆ మనిషిని బట్టి."

"మనిషిని చూసేదేముంది? కొత్తవాడైతే మొరగడమే కదా మన పని."

"వాకిలి కాయడం మన పని. రాయికి మొరిగితే ఏమొస్తుంది, పువ్వుకు మొరిగితే ఏమొస్తుంది? ముందు గాలి పీల్చు. వచ్చినవాడు ఎలా ఉన్నాడో గాలే చెబుతుంది."

జోరుకు అర్థం కాలేదు. పడుచుతనం కదా, దానికి ఎప్పుడూ తొందరే.

రాజుగారు వచ్చి కూర్చున్నారు. బసవప్ప కర్ర ఎత్తుకొని వచ్చాడు. ఓబులేసు పిడుగు కట్టు విప్పి, దాని చెవి దగ్గర వంగి, "ఈ ఒక్కపారికి నా మాట ఇనరా నాయనా, నువ్వు ల్యాకుంటే నాకెవరుండారు" అన్నాడు.

దళవాయి హుంకరించి ముందుకు దూకాడు. పిడుగు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, కాళ్లు ఎగరడానికి ముడుచుకున్నాయి. ఆయన ఇంకో అడుగు వేశాడు. పిడుగు ముక్కు గాలిలో కదిలింది. ముడుచుకున్న కాళ్లు వదులయ్యాయి. అది పొట్ట నేలకు ఆనించి, పాకుతూ పోయి, బసవప్ప మోకాలికి తన ఒళ్లు ఆనించి నిలబడింది. ఆయన పడిపోతాడేమో, తాను పట్టుకోవాలి అన్నట్టు నిలబడింది.

జనం ఉసూరుమన్నారు. కుక్క ఓడిపోయింది, చేవ చచ్చిపోయింది అనుకున్నారు. ఒక భటుడు మోకు తెచ్చి ఏటి అవతలికి తీసుకుపొమ్మని ఓబులేసు చేతికిచ్చాడు. ఓబులేసుకు దాని మెడకు మోకు వేయడానికి చేతులు రాలేదు.

బసవప్ప మాత్రం ఎత్తిన కర్ర ఎత్తినట్టే నిలబడిపోయాడు. కుక్క ఎందుకు ఆగిందో ఆ జనం మొత్తంలో ఆయన ఒక్కడికే తెలుసు. ఇప్పుడు ఆయన చేయవలసింది ఏమీ లేదు. నోరు మెదపకుండా ఉంటే చాలు, కుక్కతోపాటు ఆయన గుట్టు కూడా ఏరు దాటిపోతుంది. నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు, ఆ మీసం, ఆ పదవి ఏమవుతాయో తెలియదు. మోకాలి మీద వెచ్చగా పిడుగు ఊపిరి తగులుతోంది.

ఆయన కర్ర కింద పడేశాడు.

"ప్రభూ, కుక్క తప్పు లేదు" అన్నాడు. "వానాకాలం మొదలు నాకు గుండెలో నొప్పి. పది మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఇప్పుడు కూడా ఊపిరి అందక నిలబడ్డాను. మా ఇంటామెకు కూడా చెప్పలేదు. దీనికి నేను చెప్పనవసరం లేకపోయింది."

రాజుగారు ఆసనం దిగివచ్చి, ఆయన భుజం పట్టుకొని తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఎందుకు దాచావని అడిగారు. చెబితే పదవి పోతుందని దాచానన్నాడు బసవప్ప.

"పదవి పోతే ఇంకొకరికి ఇస్తాను. నువ్వు పోతే నీలాంటివాణ్ని ఎక్కడినుంచి తెచ్చుకోను?" అన్నారు రాజుగారు.

అప్పుడు బసవప్ప కళ్లు తుడుచుకున్నాడు. దళవాయి అందరి ముందు కళ్లు తుడుచుకుంటే కోట గోడలేమీ కూలలేదు. ఓబులేసు పిడుగును రెండు చేతులా పొదివి పట్టుకొని, జనం చూస్తున్నారన్న ధ్యాస లేకుండా భోరున ఏడ్చాడు. అది సంతోషంతో వచ్చిన ఏడుపు.

రాజవైద్యుడు మందులిచ్చాడు. పరుగులు, బురుజులు ఎక్కడాలు పడుచువాళ్లకు అప్పగించి, బసవప్ప వేపచెట్టు నీడన మంచం వేయించుకొని అక్కడినుంచే వాళ్లకు యుద్ధవిద్య నేర్పాడు. మునుపటికంటే బాగా నేర్పాడని అందరూ అన్నారు, ఎందుకంటే ఇప్పుడు ఆయన అరవడం తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కత్తి మనిషిని కూడా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇద్దరూ సాయంత్రాలు కూర్చొని, మగవాళ్లు మామూలుగా చెప్పుకోని సంగతులు చెప్పుకునేవారు.

కర్ర పరీక్ష మానిపించింది కూడా బసవప్పే. దాని బదులు కొత్త ఆచారం ఆయన నోటే వచ్చింది. కుక్క మొరిగితే కావలివాడు పైనుంచి "ఎవరు నువ్వు?" అని అడగాలి. కుక్క మొరగకపోతే చెంబుతో నీళ్లు తీసుకొని కిందికి దిగివచ్చి, "నీకేం కావాలి?" అని అడగాలి.

జోరు కూడా మెల్లగా గాలి పీల్చడం నేర్చుకుంది. మొదట్లో అది గేదెకు కూడా మర్యాద చేసేదట, అది వేరే సంగతి. పిడుగు మాత్రం దొంగ కనబడితే సంతలో బేరాలు ఆపేస్తూ, పసివాళ్లు కనబడితే చెవులు వాలుస్తూ, ఓబులేసు పళ్లెంలో సగం ముద్ద తింటూ హాయిగా బతికింది.

ఎవరి ముందు గొంతెత్తాలో తెలిసినవాడు బలవంతుడు. ఎవరి ముందు దించాలో కూడా తెలిసినవాడే గొప్పవాడు.