పది వేళ్ళ సామి

పిల్లలూ, కళ్ళకు తగిలించుకుని వేరే లోకం చూసే ఆ పెట్టె కొనిపెట్టమని నెల రోజులుగా అడుగుతున్నారు. కొననని అనడం లేదు. కానీ దానికి ముందు మీరు ఇంతవరకూ వినని కథ ఒకటి వినాలి. ఈ దూరదేశంలో మీకు చెప్పేవాళ్ళు వేరే ఎవరూ లేరు కాబట్టి నేనే చెప్పాలి. నేను విన్నంతే చెబుతాను, సొంతంగా ఏదీ కలపను.

పెన్నా నది కొండను చీల్చుకుని పారే లోయ అంచున రుద్రాచారి అనే వడ్రంగి ఉండేవాడు. తలుపులు, మంచాలు చేస్తూనే తన దగ్గరికొచ్చిన నలుగురైదుగురికి మంచి మాట చెప్పేవాడు. అందరూ ఆయన్ని సామి అనేవారు. మధ్యాహ్నం ఎవరున్నా సరే, తన చేత్తోనే రాగిసంగటి ముద్ద చేసి వాళ్ళ అరచేతిలో పెట్టేవాడు. ముద్ద తినకుండా ఎవరూ వెళ్ళకూడదు. అక్కడ ఉన్న నియమం అదొక్కటే.

ఆయన శిష్యుల్లో ఓబులేసు ఒకడు. "నిద్రలో కూడా మెలకువ పోగొట్టుకోవద్దు" అని సామి ఒకసారి అన్న మాట పట్టుకుని ఏడేళ్ళు ఆయన దగ్గరే ఉండి కష్టపడ్డాడు. ఏం లాభం, పడుకుంటే మొద్దులా నిద్రపోయేవాడు. చివరికి బెంగుళూరు వెళ్ళి, అలాంటి పెట్టెల్లో కనబడే లోకాలు తయారుచేసే పనిలో చేరాడు. పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. సామి మాట మాత్రం వదల్లేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం సామి దగ్గరికి వచ్చాడు. సామి పందిరి కింద కూర్చుని ఒక చెక్క పలకకు నున్నగా చిత్రిక పడుతున్నాడు.

"ఏం రా ఓబులేసూ, బిడ్డను తోడుకొని రాలేదే?"

"మీరు చెప్పింది సాధించినా సామీ. కల వస్తే, అది కల అని కలలోనే తెలిసిపోతాంది."

"ఎట్లా?"

"మిమ్మల్ని తయారుచేసుకున్నా."

సంచిలోంచి పెట్టె తీశాడు. దానిలో ఈ పందిరి ఉంది, ఈ లోయ ఉంది, పలక ముందు కూర్చున్న సామి ఉన్నాడు. ఓబులేసు రోజూ గంటసేపు అందులో కూర్చుని తన వేళ్ళు, సామి వేళ్ళు లెక్కపెట్టేవాడు. ఒక్కొక్కరివి పది వస్తే మెలకువ. ఉన్నట్టుండి పెట్టె ఒక వేలు తగ్గించేది, లేదా పెంచేది. అప్పుడు "ఇది కల" అనుకుని లోయ మీదికి అడుగు వేస్తే గాలిలోకి లేచేవాడు. ఆ అలవాటు నలభయ్యో రోజుకు నిద్రలోకీ వచ్చింది. కలలో సామి కనిపించాడు. లెక్కపెడితే పదకొండు వేళ్ళు. ఓబులేసు ఎగిరాడు.

"నలభై దినాల్లో సామీ. పన్నెండేళ్ళు మీ ముందర కూర్చున్నోళ్ళకు కూడా రాలేదు."

సామి పెట్టెను కళ్ళకు తగిలించుకుని చాలాసేపు చూశాడు.

"ఈయన ఎవరు?"

"మీరే సామీ."

"నాకంటే బాగున్నాడే. సంగటి పెడతాడా?"

"లేదు సామీ."

సామి పెట్టె తీసి పక్కన చెక్కపొట్టు మీద పెట్టాడు. "ఇంత సాధించినోడివి, మొగం ఎందుకట్ల పెట్టినావు?"

ఓబులేసు గొంతు తగ్గింది. "మొన్న మా ఇంట్లో, నాలుగో అంతస్తు బాల్కనీలో, బిడ్డనెత్తుకొని నిలబడినా. ఇది కలేమో అనిపించింది. వేళ్ళు లెక్కపెట్టుకోవాలంటే చేతులు ఖాళీ కావాల కదా సామీ."

సామి చిత్రిక ఆపాడు.

"నా భార్య చూసి బిడ్డను లాక్కునింది. మీ సామి దగ్గర తేల్చుకొని రా, అంతవరకు బిడ్డను ముట్టుకోవద్దు అనింది. మీరే చెప్పండి. ఇప్పుడిది కలా, కాదా?"

"నేను చెబితే ఏం నమ్ముతావు? కలలోనూ నేనే వస్తాంటిని కదా."

సామి రెండు చేతులూ అతని ముందుకు చాపాడు. "నీ లెక్క నీకుంది. చూసుకో."

ఓబులేసు లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. కుడిచేతి చిటికెన వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అతని ముఖంలోంచి భయం పోయింది. హాయిగా నవ్వాడు.

"కలే" అన్నాడు. "అయితే ఆ బాల్కనీ కూడా కలే."

లేచి నడిచాడు. ఇరవై అడుగుల్లో లోయ అంచు. నీడ అతని కాళ్ళ కిందే ముడుచుకుని ఉంది. గాలి లేదు, చప్పుడు లేదు. చాలా కింద గద్దలు తిరుగుతున్నాయి, వాటి వీపులు కనబడుతున్నాయి. పెట్టెలో తాను పెట్టిన గద్దలూ ఇలాగే తిరిగేవి. కుడిపాదం వేళ్ళు బండ అంచు దాటాయి.

సామి పరుగెత్తలేదు. అరవలేదు.

"పొయ్యేవాడివి, ముద్ద తిని పో" అన్నాడు.

ఏడేళ్ళ అలవాటు. కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. ఓబులేసు వచ్చి చెయ్యి చాపాడు. సామి కుండలోంచి సంగటి తీసి, ఒత్తి, అతని అరచేతిలో పెట్టాడు. చురుక్కుమంది.

ఓబులేసు ముద్ద వంక చూశాడు. దాని మీద మూడు వేళ్ళ గుంటలున్నాయి. నాలుగోది పడాల్సిన చోట నున్నగా ఉంది. ఏడేళ్ళు రోజూ ఇదే ముద్ద తిన్నాడు. ప్రతి ముద్ద మీదా మూడే గుంటలు. సంగటి ముద్దంటే అలాగే ఉంటుందనుకున్నాడు.

ముద్ద మీంచి తలెత్తి సామి కుడిచేతి వంక చూశాడు.

"ఈ వేలు ఎప్పుడు పోయింది సామీ?"

"నువ్వు పుట్టకముందు. చెక్క చెక్కుతాంటే బాడిస తగిలి."

అతను అక్కడే కూర్చున్నాడు. ముద్ద తిన్నాడు, కొంచెం కూడా వదల్లేదు.

సామి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"నీ బిడ్డ చెయ్యి ఎట్లుంటుంది?"

ఓబులేసు చెప్పబోయాడు. ఏమీ రాలేదు. లేచి సామికి దండం పెట్టి, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.

పెట్టె చెక్కపొట్టులోనే ఉండిపోయింది. దాన్ని ఎలా ఆపాలో సామికి తెలియదు. ఛార్జింగు అయిపోయేదాకా లోపల పది వేళ్ళ సామి ఎవరి కోసమో చూస్తూ కూర్చునే ఉన్నాడట.

ఇంటికెళ్ళాక ఏం జరిగిందో నేను వినలేదు, విననిది చెప్పను. పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకు చెప్పండి. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకూ చెప్పండి. బాల్కనీలో కాదు, లోపల కూర్చుని, వినేవాళ్ళ చెయ్యి పట్టుకుని చెప్పండి.