నున్నటి కుండ

గోదావరి పక్కన ఒక లంక ఊళ్లో పల్లాలమ్మ అనే పూతరేకులు తీసే ఆవిడ ఉండేది. చేతిలో ఎంత నేర్పు ఉన్నా, తప్పు జరిగితే అది ఎప్పుడూ ఎదుటివాళ్లదే అనేది.

పూతరేకులకు బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి రేకు వస్తుంది. కుండ మీద కంటికి కనిపించనంత గరుకున్నా రేకు చిరిగిపోతుంది. అందుకే కుండను వేలితో చూడాలి. "ఆనించి ఊరుకుంటే ఏం తెలుస్తుందే? తేలిగ్గా జరపాలి. జరిగే వేలికే గరుకు అందుతుంది," అని పక్కింటి వీరవేణికి నేర్పింది పల్లాలమ్మే.

పల్లాలమ్మ పాకలో వీరవేణితో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. ఒక ఏడాది కొత్త కుండ మీద రేకులు చిరగడం మొదలైంది.

"అత్తా, ఇక్కడేదో గీత తగులుతోంది," అంది వీరవేణి.

పల్లాలమ్మ వేలు జరిపింది. "అద్దంలా ఉంది. నీ పిండే చిక్కన. నిన్నగాక మొన్న గుడ్డ పట్టావు, నాకు కుండ చూపిస్తావా?"

"ఇంకోసారి చూడత్తా..."

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. లే, ఇంటికెళ్లు!"

వీరవేణి వెళ్లిపోయింది. మిగిలిన ఇద్దరు ఆడవాళ్లూ రోజూ తిట్లు పడలేక రావడం మానేశారు. కబుర్లతో గోలగా ఉండే పాకలో మంట చిటపటలే మిగిలాయి. పల్లాలమ్మ బియ్యం మార్చింది. గుడ్డ మార్చింది. కుండను మాత్రం మార్చలేదు! తిట్టడానికి మనిషి లేక పొయ్యిని తిట్టేది.

ఎప్పుడూ రేకులు కొనే మిఠాయి కొట్టాయన వచ్చాడు. "శుక్రవారానికి మూడొందల రేకులు చిరుగు లేకుండా కావాలండీ. లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాం," అన్నాడు. శుక్రవారానికి నలభై కూడా నిలవలేదు. ఆయన చూసి వెళ్లిపోయాడు.

పల్లాలమ్మ చల్లారిన కుండ మీద తల వాల్చి ఏడ్చింది. చెంప పక్కకు జారింది. ఏదో సన్నగా గీసుకుంది. వేలు జరిపి చూసింది, నున్నగా ఉంది. మళ్లీ చెంప జరిపింది, గరుకు! ముప్పై ఏళ్లు వేడి రేకులు ఒలిచిన వేళ్లు ఎప్పుడో కాయలు కాసి మొద్దుబారాయి.

కుండ చంకన పెట్టుకుని వీరవేణి ఇంటికి వెళ్లింది. "ఓసారి చూసిపెట్టవే."

"అద్దంలా ఉందిగా, ఇంకా చూసేదేముంది?" అంటూనే వీరవేణి వేలు జరిపింది. "ఇదిగో ఒకటి. ఇక్కడ ఇంకొకటి."

"నీ పిండి మంచిదే. నా వేళ్లే పోయాయి. రేపు పనికొస్తావా?"

వీరవేణి తల దించుకుంది. "కొట్టాయన పని నాకిచ్చాడత్తా. నా పొయ్యి నేను పెట్టుకున్నా. కుండ చూడాలంటే మాత్రం పిలువు, వస్తా."

పల్లాలమ్మ కుండతో ఒంటరిగా తిరిగి వచ్చింది.

మొద్దుబారిన వేలు తాను మొద్దుబారానని చెప్పదు, లోకమంతా నున్నగా ఉందనే చెబుతుంది. అందుకే పిల్లలూ, ఏదో తగులుతోందని చెప్పిన మనిషిని తరిమేయకండి, ముందు మీ వేలిని అనుమానించండి.