భుజంగం పేరు నిలబెట్టిన ఇల్లు

పిల్లలూ, మన ఊరికి ఇంత దూరంలో మీకీ కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేనైనా ఇన్నాళ్ళూ చెప్పలేదు, నాదే తప్పు. ముందే ఒక్క మాట: ఇందులో వాళ్ళు చేసినవేవీ మీరు చెయ్యకండి. అగ్గిపెట్టె అసలు ముట్టుకోకండి. సరే, వినండి.

గుమ్మలపేటలో దాలయ్య, పెళ్ళాం గవరమ్మ, తమ్ముడు ఎర్రాజు ఉండేవాళ్ళు. "మాకున్న తెలివి చుట్టుపక్కల ఎవరికుంది? ఎవరేమన్నా వేరే అర్థాలు వెతకం. మాటంటే మాటే!" అని దాలయ్య మీసం తిప్పేవాడు. వానలొచ్చేలోగా కొత్త తాటాకు కప్పించుకున్న ఇల్లంటే అతనికి ప్రాణం.

ఆ వారం ఊళ్ళోకి డేరా సినిమా వచ్చింది. ముగ్గురూ మొదటాటకి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద భుజంగం అనే దుర్మార్గుడు కళ్ళు ఉరిమి, "రేపు పొద్దు గుంకేలోగా నీ ఇల్లు తగలబెట్టకపోతే నా పేరు భుజంగమే కాదు!" అని అరిచాడు.

దాలయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏమే, నన్నే చూసి అన్నాడు కదూ?"

"నిన్నేనయ్యా! కొత్త తాటాకు మీద వాడి కన్ను పడింది."

ఇంకేముంది! తెల్లారగానే కప్పు పీకి, తడిసిన ఆకు అంటుకోదని కాలువలో వేశారు. కాలువ పారుతోంది కదా, ఆకంతా కొట్టుకుపోయింది. అంతే, మట్టిగోడలైనా కాపాడదామని బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించారు. గోడలు నాని పడమటి గోడ కూలింది.

"హమ్మయ్య, ఇక తగలబెట్టడానికి ఒక గోడ తక్కువ," అన్నాడు ఎర్రాజు.

పొద్దు గుంకింది. భుజంగం రాలేదు. ముగ్గురూ వెళ్ళి, వాడు ఎందుకు రాలేదని డేరా యజమానిని నిలదీశారు.

"ఒరే, అది ఉత్త బెదిరింపురా! నన్నడుగుతారేం? పోయి వాణ్ణే అడగండి!" అని యజమాని కసిరాడు.

సరేనని లోపలికెళ్ళి తెరకెదురుగా నిలబడ్డారు. భుజంగం మళ్ళీ, "రేపు పొద్దు గుంకేలోగా..." అన్నాడు.

"చూశావా వదినా, రేపటికి వాయిదా వేశాడు!" అన్నాడు ఎర్రాజు.

మర్నాడూ రాలేదు. ఆ సాయంత్రం మళ్ళీ అదే మాట.

"రోజూ రెండాటలాయె, పాపం వాడికి తీరికేదీ?" అని గవరమ్మ కళ్ళు ఒత్తుకుంది. "ఇల్లు తగలబెట్టకపోతే పేరు పోగొట్టుకుంటాడు. ఈ వయసులో వాడికి కొత్త పేరు ఎవరు పెడతారయ్యా?"

దాలయ్య మనసు కరిగిపోయింది. "మన ఇంటి కోసం ఒకడి పేరు పోవాలా!" మర్నాడు మిగిలిన వాసాలకీ తలుపులకీ తనే నిప్పు పెట్టాడు. ప్రాణంలాంటి ఇల్లు బూడిదైంది. మూటలు నెత్తిన పెట్టుకుని ముగ్గురూ డేరాకి పరిగెత్తారు.

"భుజంగం గారూ, మీ పని మేమే చేసేశాం! మీ పేరు మీరే ఉంచుకోండి!"

తెర మీద భుజంగం పకపకా నవ్వాడు.

"ఎంత సంతోషించాడో!" అని దాలయ్య పొంగిపోయాడు.

ఇంతలో తెర మీదికి ఒక ముసలమ్మ వచ్చి, చేతులు చాచి, "ఇల్లు పోతేనేం బాబూ, లోపలికి రండి. మా ఇల్లు మీ ఇల్లే," అంది.

అంతే! ముగ్గురూ మూటలతో సహా తెరలోకి నడిచారు. తెర పర్రున చిరిగింది. జనం కేకలు పెడుతుండగా డేరా వెనకున్న బీడులో తేలారు. దాలయ్య తలెత్తి చూశాడు. పైన ఆకాశం.

"అయ్యో, వీళ్ళ ఇంటికీ కప్పు లేదే! భుజంగం వీళ్ళనీ బెదిరించి ఉంటాడు!"

మీరు నవ్వి ఊరుకోకండి. రేపు మీ స్నేహితులకి చెప్పండి, మీకు పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్పండి. అగ్గిపెట్టె సంగతి మాత్రం మర్చిపోకండి.