ఎంగిలమ్మ బండ

తుంగవంక నడుమ, నీళ్ళు రెండు పాయలుగా చీలే చోట, నల్లని బండ ఒకటి ఉంది. దాని మీద నాలుగు రాతికంభాలు, పైన చదునైన కప్పు, లోపల మోకాటి ఎత్తు రాయి. ఆ రాతికి కళ్ళూ ముక్కూ చెక్కలేదు. మనిషి నోరు తెరిచినంత గుంట మాత్రం ఉంది. అదే ఎంగిలమ్మ తల్లి. వంకకు ఈవల ఎగువ నేరేడుపల్లె, ఆవల కాస్త కిందుగా దిగువ నేరేడుపల్లె. బస్సు ఏ ఊళ్ళో దిగినా వంకలోకి దిగి నడవవలసిందే. ఎండాకాలమైతే ఇసుక, వానాకాలమైతే మోకాటి లోతు నీళ్ళు.

పేరు వినగానే ముఖం చిట్లించే భక్తులున్నారు. అమ్మవారికి అదేం పేరని అడుగుతారు. గుడి కమిటీవారు ఒకసారి 'శ్రీ కదిరాంబికా దేవి' అని బోర్డు రాయించి పెట్టారు. బోర్డు ఇప్పటికీ ఉంది, ఆ పేరుతో పిలిచే మనిషే లేడు. ఈ పేరు వెనక పెద్దలు చెప్పుకునే కథ ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పశువుల కాపరులు ఈ బండ మీద తడిసిన పంచెలు ఆరేసుకునేవారు. రెండు పల్లెలదీ ఒకే వంక, ఒకే బంధుత్వం. ఎగువపల్లెలో కదిరమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు పదిమందికి పైగా సంతానం. కొడుకులందరూ ఎగువలోనే కాపురాలు పెట్టుకున్నారు. కూతుళ్ళనందరినీ దిగువకే ఇచ్చింది. అంతమందిని సాకిన చేతికి ఒక అలవాటు పడిపోయింది. ఎవరికి ముద్ద పెట్టినా ముందు చిటికెడు తుంచి తన నోట్లో వేసుకునేది. కాలుతుందేమో, ఉప్పెక్కువైందేమో చూసుకోవాలి కదా. కొడుకులకు మీసాలొచ్చినా ఆ అలవాటు పోలేదు.

"దేవుడి నైవేద్యం కూడా తుంచి చూస్తావేమో అత్తా" అని ఒక కోడలు ఎగతాళి చేస్తే, "ఏం, ఆయన నోరు మాత్రం కాలదా?" అనేది కదిరమ్మ.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. వంకలో సన్నగా పారే నీళ్ళు తాగిన దిగువపల్లె ఎద్దులు వరసగా నేలకొరిగాయి. ఎందుకు చచ్చాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నీళ్ళు పైనుంచే వస్తాయి గనుక, ఎగువవాళ్ళే ఏదో కలిపారని దిగువవాళ్ళు అనుకున్నారు. పైకి అనలేదు. అనుకున్నారు. అదే ముప్పు తెచ్చింది.

ఆ అనుమానం పచ్చిగా ఉండగానే, కదిరమ్మ చిన్నకూతురు గంగులమ్మ బిడ్డకు పుట్టువెంట్రుకలు తీశారు. అల్లుడు ఓబన్న పిలిచాడని కదిరమ్మ భర్తను వెంటబెట్టుకుని దిగువపల్లెకు వెళ్ళింది. ఇద్దరూ ఒకే పంక్తిలో విందు తిన్నారు. తిరిగి వస్తూ వంక దాటుతుండగా ఆయన ఇసుకలో కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు.

పెద్దకొడుకు సంజన్నకు అప్పటినుంచి లోకమంతా విషంగానే కనిపించింది. "ఎద్దులకు బదులు మా నాయన్ను తీశారు" అన్నాడు.

"నేనూ ఆ అన్నమే తిన్నాను గదరా" అంది తల్లి.

"నీకు వేరే వడ్డించారేమో."

"ఒకే గంటెతోరా, సంజన్నా."

"ఆకులు వేరే కదా" అన్నాడతను.

ఓబన్నను చంపిగానీ గడ్డం గీయించుకోనని సంజన్న ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట వంక దాటిపోయింది. ఓబన్న కూడా బరిసె నూరించుకున్నాడు. ఎటు చూసినా కదిరమ్మకే నష్టం. ఇటు కూలితే కొడుకు, అటు కూలితే కూతురి పసుపుకుంకుమలు.

సంజన్న అనుమానం ఇంట్లోకీ పాకింది. నీళ్ళు తాగాలంటే ముందు కోడిపిల్లకు పట్టేవాడు. భార్య మేనత్తది దిగువపల్లె అని గుర్తొచ్చి ఆమె వంట మానేశాడు. తల్లి చేతి ముద్ద ఒక్కటే తినేవాడు, ఆమె ముందు తుంచుకుంటుంది గనుక. అయితే ఒకనాడు కదిరమ్మ కూతుర్ని చూసి వచ్చిందని ఎవరో చెప్పారు. ఆ పూట ఆమె అలవాటుగా ముద్ద తుంచి నోట్లో వేసుకుని, మిగిలింది అతని ముందు పెట్టింది. సంజన్న దానివంక చూశాడు. తల్లి ముఖంవంక చూశాడు. ఆకు అవతలికి నెట్టాడు.

"ఏ వైపు తుంచుకున్నావమ్మా?" అని అడిగాడు.

కదిరమ్మ లేచింది. ఆ ముద్ద చేతిలో పట్టుకునే గడప దాటింది. నేరుగా వంకలోకి దిగి ఈ బండ మీద కూర్చుంది. రెండు ఊళ్ళ మగవాళ్ళూ ఒకే కుండలోది కలిసి తినేదాకా తాను కడుపు నింపుకోనంది. కూతుళ్ళతో కొర్రనూక తెప్పించింది, కోడళ్ళతో రాగిపిండి తెప్పించింది. ఒకే కుండలో సంగటి కెలికి, ముద్ద చేసి, అందరికీ కనబడేలా చిటికెడు నోట్లో వేసుకుంది. రెండు గట్లవైపూ తిరిగి "రండి నాయనా, వేడిగా ఉంది" అని పిలిచింది.

ఎవరూ రాలేదు. రోజూ వండింది, రోజూ పిలిచింది. వండింది కాకులు తిన్నాయి.

ముసలిది విషానికి విరుగుడు మింగి కూర్చుందని దిగువవాళ్ళు అన్నారు. కూతుళ్ళ కోసం ఊరిని అమ్మేసిందని ఎగువవాళ్ళు అన్నారు. సంజన్న గట్టు మీద పొదల చాటున కూర్చుని తల్లి చేతులనే చూసేవాడు. పిండి పోసేటప్పుడు కొంగులోంచి ఏమైనా తీస్తోందా? గంగులమ్మ ఆమె చెవిలో ఏం చెప్పింది? ఎందుకు నవ్వుకున్నారు? ఎంత చూసినా ఏమీ దొరకలేదు. దొరకనందుకే అనుమానం ఇంకా పెరిగింది.

మెల్లగా రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ బండ చేరారు. తగవు తీరేదాకా ఇళ్ళలో పొయ్యి రాజేసేది లేదన్నారు. మగవాళ్ళు బెదిరించారు, బతిమాలారు, తామే వండబోయి చేతులు కాల్చుకున్నారు. "బరిసె పట్టే చేతికి తెడ్డు బరువైందా మామా?" అని ఒక కోడలు బండ మీదనుంచి కేక వేస్తే, రెండు గట్ల ఆడవాళ్ళూ ఒక్కసారే నవ్వారు. ఎదుటి ఊరి వాళ్ళతో కలిసి నవ్వుతున్నారని మగవాళ్ళకు అదొక కొత్త అనుమానం. ఇక ఆగకూడదనుకున్నారు. ఇటునుంచి సంజన్న, అటునుంచి ఓబన్న, వెనక జనం, చేతుల్లో బరిసెలు. రెండు వైపులనుంచీ వంకలోకి దిగారు.

కదిరమ్మ అప్పుడే ముద్ద తుంచి నోట్లో వేసుకుంది. వస్తున్నవాళ్ళను చూసి లేవబోయి, నిలువునా కుప్పకూలింది.

"మీ నూకలోనే ఉంది విషం!" అని సంజన్న అరిచాడు.

"మీ పిండిలో లేదని ఎవరు చెప్పొచ్చారు?" అని ఓబన్న అరిచాడు.

బరిసెలు లేచాయి. చంకలో బిడ్డతో గంగులమ్మ ఆ ఇద్దరి మధ్యకు వచ్చింది. "రెండూ కుండలో కలిసిపోయాయి అన్నా. ఏది ఎవరిదో ఇప్పుడు వేరుచేసి చూపించు" అంది. "చేతకాదా? అయితే నేనే తిని చూపిస్తా" అని కుండలో చెయ్యి పెట్టింది.

సంజన్న చెయ్యి అతన్ని అడక్కుండానే వెళ్ళి చెల్లెలి మణికట్టు పట్టుకుంది. ఆమె తింటే ఏమవుతుందో అతనికి తెలియదు. తెలియకుండా ఆమెను పోనివ్వలేడు. అలాగని తెలుసుకోకుండా తల్లిని చంపారనీ అనలేడు. దిక్కుతోచక అటూ ఇటూ చూశాడు. తల్లి చేతిలోంచి జారిన ముద్ద బండ మీద ఉంది. ఒకవైపు ఆమె తుంచుకున్న గంటు కనబడుతోంది. ఆనాడు తాను అడిగిన ప్రశ్న గుర్తొచ్చి తల వంచుకున్నాడు. ఆ ముద్ద తీసుకుని, గంటు ఉన్న వైపునుంచే కొరికాడు.

నమ్మి తిన్నాడని ఎవరూ చెప్పరు. నములుతున్నంతసేపూ అనుమానిస్తూనే ఉన్నాడని, అయినా మింగాడని పెద్దలు చెబుతారు.

"నువ్వు విరుగుడు తాగి వచ్చావేమో బావా" అన్నాడు ఓబన్న.

"అయితే నువ్వు తినకు."

"కుండలోది తినను. నీ చేతిలోది పెట్టు."

మిగిలిన సగం ఓబన్న తిన్నాడు. అంతట ఇద్దరూ బరిసెలు పక్కన పెట్టి, ఎవరు ముందు పడిపోతారో చూడాలని ఎదురెదురుగా కూర్చున్నారు.

"నీ కళ్ళు ఎర్రబడుతున్నాయి బావా."

"ఎండకు. నీకేంది ఆ చెమట?"

"పొయ్యి పక్కన కూర్చుంటే పట్టదా?"

పొద్దు వాలింది. ఎవరూ పడలేదు. ఈలోగా ఆడవాళ్ళు కదిరమ్మ నోట్లో చుక్కచుక్కగా గంజి పోశారు. అప్పుడు తెలిసింది అందరికీ. మగవాళ్ళు తినేదాకా కడుపు నింపుకోనన్న తల్లి, ఇన్నాళ్ళూ ఆ చిటికెడు రుచి మీదనే బతికింది. ఆమెను పడగొట్టింది విషం కాదు, ఆకలి. ఎదుటి గట్టునుంచి వచ్చే చావును కనిపెట్టుకుని కూర్చున్నవారెవరూ కళ్ళముందున్న ఆకలిని చూడలేదు.

కదిరమ్మ కళ్ళు తెరిచి కొడుకు మూతికంటిన సంగటిని చూసింది. "ఎట్లుందిరా?" అని అడిగింది.

సంజన్న మూతి తుడుచుకున్నాడు. "ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు చివరికి. ఆ మాటకు రెండు ఊళ్ళ వాళ్ళూ కుండ చుట్టూ కూర్చున్నారు.

అటుపైన ఆ తల్లి ఏ ఊరికీ పోలేదు. బండ మీదనే గుడిసె వేసుకుంది. చుట్టుపక్కల ఎక్కడ కొట్లాట వచ్చినా కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళి నడుమ పొయ్యి పెట్టేది. కొన్నిచోట్ల రాళ్ళు వేశారు, కొన్నిచోట్ల తిన్నారు. ఆమె దేహం చాలించాక ఒక వేకువన సంజన్నకు కలలో కనబడింది. "పొయ్యి పెట్టిన చోట తవ్వు, నోరున్న రాయి దొరుకుతుంది. మీరు తిన్నాకనే నాకు పెట్టండి" అంది. సంజన్న కలను కూడా నమ్మలేదు. ఓబన్న దగ్గరికి పోయి, నీకేమైనా కల వచ్చిందా అని చుట్టూ తిప్పి అడిగాడు. ఓబన్నకూ అదే కల వచ్చింది. బావ ముందు చెబుతాడేమోనని అతను నోరు మూసుకుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి తవ్వితే ఈ రాయి బయటపడింది.

నేటికీ ఇక్కడ నైవేద్యం ఎంగిలి కాకుండా పెట్టరు. పగబట్టిన అన్నదమ్ములు, కోర్టుకెక్కిన దాయాదులు, విడిపోయిన ఆలుమగలు ఒకరు నూక, ఒకరు పిండి తెచ్చి ఒకే కుండలో కెలుకుతారు. ఒకే ముద్ద ఇద్దరూ కొరికి, మిగిలింది అమ్మ నోట పెట్టి, ఎదురెదురుగా కూర్చుంటారు. పొద్దువాలేదాకా లేవకూడదు. అన్నం తినక మారాం చేసే పసిపిల్లలకు అమ్మ నోటి దగ్గరి మెతుకు పెడితే ఆకలి పుడుతుందని తల్లుల నమ్మకం. ఇక్కడ మొక్కుకున్న వెంటనే తగవు తీరిపోతుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వరు. ఉత్సవం నాడు ఎగువవారి పిండిని దిగువవారు జల్లించి చూస్తారు, దిగువవారి నూకను ఎగువవారు చేటలో పోసి ఏరి చూస్తారు. అది తప్పని అమ్మ ఎన్నడూ అనలేదట.

పూజ చేసేది గంగులమ్మ వంశపు ఆడపడుచులు. ముద్ద చేతిలో పట్టుకుని ఎదుటివాడి ముఖం చూస్తూ ఆగిపోయినవారిని వారు తొందరపెట్టరు, కోప్పడరు. పక్కన కూర్చుని మెల్లగా ఒక్కమాట చెబుతారు. "అనుమానం ఉంటే ఉండనీ నాయనా. చల్లారకముందే తిను."