సాలమ్మ మూడో ముడి

వాగులన్నీ ఏడాది పొడుగునా పారిన కాలం అది. అడిగినా అడగకపోయినా వానలు కురిసిన కాలం. అప్పట్లో ఒక వాగుకు అటూ ఇటూ రెండు ఊళ్లు ఉండేవి. అటుది చింతలగట్టు, ఇటుది రేగడిపాడు. ఏటా జొన్నకోతలు కాగానే రెండూళ్లకూ చెడుగుడు పందెం.

ఒకప్పుడు గెలిచినవాళ్లు ఓడినవాళ్ల నోట్లో బెల్లం పెట్టి, వాగు దాకా సాగనంపేవాళ్లు. రానురాను బెల్లం పోయింది, బురద చల్లడం వచ్చింది. గెలిచిన ఊరికి ఒళ్లు తెలిసేది కాదు.

రేగడిపాడులో సాలమ్మ అని ఒక ముసలమ్మ. ముందూ వెనకా ఎవరూ లేరు. పందెం రోజున రెండు కుండల నీళ్లు మోసుకొచ్చి, అడిగినవాళ్ల దోసిట్లో పోసేది.

సాలమ్మకు మతిమరుపు. పొయ్యి మీద కూర మరిచేది. మేకను కట్టేసిన చోటు మరిచేది. ఒక్కోసారి చనిపోయిన చెల్లెలి పేరే నాలుక మీదికి వచ్చేది కాదు. "నేనూ మరిస్తే దాన్ని తలిచేదెవరు?" అనుకునేది. అందుకే ఏది గుర్తుంచుకోవాలన్నా కొంగుకు ఒక ముడి వేసేది. పని అయ్యాకే విప్పేది.

ఆ ఏడు పందానికి జనం చీమల్లా వచ్చారు.

నిండు నెలల గౌరమ్మ వచ్చింది. "పెద్దమ్మా, మా ఆయన ఆటలో ఉన్నడు. నా మీద ఒక కన్నేసి ఉంచు." సాలమ్మ ఒక ముడి వేసింది.

చూపు లేని నర్సింగం తాత వచ్చాడు. "సాలీ, పోయేటప్పుడు నన్ను మరువకు." సాలమ్మ రెండో ముడి వేసింది.

దూదేకుల హుస్సేను వచ్చాడు. భుజాన దూదేకే విల్లు. "అవ్వా, కాసిన్ని నీళ్లు. ఈ ఊళ్లో నాకెవరూ లేరు. ఆట చూసి నా దారిన నేను పోతా."

"మా నీళ్లు తాగినోనికి ఊళ్లె ఎవరూ లేకపోవుడేంది బిడ్డా?" అని సాలమ్మ మూడో ముడి వేసింది. హుస్సేను వెళ్లి బరి పక్కన వేసిన పందిరి నీడన కూర్చున్నాడు.

పక్కనున్న కుర్రకారు నవ్వారు. "అవ్వా, ఇంకో ముడేస్తే చీర పోయి ముళ్లే మిగుల్తయి!"

"మిగలనీ రా. నీకు తలకాయల ఉండేది నాకు కొంగుల ఉంటది. నా కొంగు నయం."

ఆట మొదలైంది. పొద్దు వాలేసరికి రెండూళ్లూ సమానం. చివరి కూతకు రేగడిపాడు పెంటయ్య వెళ్లాడు. ముగ్గురిని తాకి, కూత విడవకుండా గీత మీద పడ్డాడు.

ఏడేళ్ల తర్వాత వచ్చిన గెలుపు! ఊరు ఊరంతా ఎగిరింది. పందిరి పైకెక్కి చూస్తున్నవాళ్లూ ఎగిరారు. గుంజలు ఫెళ్లున విరిగి పందిరి నేలమట్టమైంది. పైనుంచి పడ్డవాళ్లు దుమ్ము దులుపుకుని లేచి పరుగెత్తారు. డప్పులు మోగాయి. పెంటయ్యను భుజాలకెత్తుకుని ఊరి దారి పట్టారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు.

సాలమ్మ చూసింది. బండి పక్కన గౌరమ్మ క్షేమంగా ఉంది. మొదటి ముడి విప్పింది. నీళ్లకుండ పట్టుకుని నర్సింగం తాత నిలబడి ఉన్నాడు. ఆయనను ఆ బండి ఎక్కించి రెండో ముడి విప్పింది.

మూడో ముడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇది ఎవరిది?

ఎంత తలచినా మొహం గుర్తుకు రాలేదు. మేకదా? మేక ఇంటి దగ్గరే ఉంది. ముడి ఉందంటే మనిషి ఉన్నట్టే. ముసలమ్మ జనం వెంట పరుగెత్తింది.

డప్పులవాళ్లను అడిగింది. "ఆగండయ్యా, నా మూడో ముడి ఎవరిది?" వాళ్లు నవ్వి, ఇంకా గట్టిగా వాయించారు.

ఊరిపెద్దను అడిగింది. "అయ్యా, నా మూడో ముడి ఎవరిది?" "గెలిచిన పూట అపశకునం పలుకకు, ఇంటికి పో!" అని కసిరాడు.

అప్పుడు ఊరేగింపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది. "పెంటా, నా మూడో ముడి ఎవరిది?"

"ఏందవ్వా?" అన్నాడు పైనుంచి పెంటయ్య.

"ఒక మనిషి ఉన్నడు బిడ్డా. ఎవరో మరిచిన. ఉన్నడని మాత్రం మరువలే."

పెంటయ్య కిందికి దిగాడు. ముసలమ్మ చేతిలోని ముడిని చూశాడు. వెళ్లి డప్పు మీద అరచెయ్యి ఆనించాడు. "నేను కూత పెట్టినప్పుడు అందరూ ఊపిరి బిగబట్టిన్రు. ఇంకొక్కసారి బిగబట్టున్రి."

ఊరంతా నిశ్శబ్దమైంది. కాకి అరుపు వినిపించింది. వాగు పారే చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, వెనక ఎక్కడో, సన్నగా... టంగ్... టంగ్...

"విల్లు! నా నీళ్లు తాగిన దూదేకులాయన!" అని సాలమ్మ కేక పెట్టింది.

అందరూ పరుగెత్తారు. మొదట పందిరికి భుజం పట్టింది, కేక విని వాగు దారి నుంచి తిరిగొచ్చిన, ఓడిన చింతలగట్టువాళ్లే. గుంజ కింద హుస్సేను. నోటి నిండా దుమ్ము, అరిచే వీలు లేదు. ఒక్క వేలితో నారిని మీటుతూ ఉన్నాడు. వేలు నెత్తురోడుతోంది. మనిషి బతికే ఉన్నాడు. పందిరెక్కి ఎగిరినవాళ్లు తలలు ఎత్తలేకపోయారు. కసిరిన ఊరిపెద్దే కుండ వంచి నీళ్లు తాగించాడు.

సాలమ్మ మూడో ముడి విప్పింది. ఆ సాయంత్రం రెండూళ్లూ ఒకే బెల్లం తిన్నాయి.

అప్పటినుంచి హుస్సేను ఏటేటా వచ్చి ఆమె బొంతలో దూది ఏకి పోయేవాడు. చివరికి సాలమ్మ తన పేరు కూడా మరిచింది. ఒకరోజు ఆ బొంతలోనే కన్నుమూసింది. ఆమె మరిచిన పేరును రెండూళ్లూ పట్టుకున్నాయి.

ఇప్పటికీ అక్కడ ఆట మొదలయ్యే ముందు ప్రతివాళ్లూ తువ్వాలుకో కొంగుకో ఒక ముడి వేస్తారు. అది పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి ముడి. ఆట అయ్యాక ఒక్క ఊపిరి సేపు డప్పు మోగదు. ఆ మనిషిని కళ్లారా చూశాకే ముడి విప్పుతారు.

గెలిచామని ఎవరైనా ఎగురుకుంటూ ఇంటికొస్తే, గడపలోనే ఆపి అక్కడి అవ్వలు అడుగుతారు:

"గెలుపు సంగతి తర్వాత చెబుదువు గానీ, ముందు నీ ముడి విప్పినవా?"